పేరు ఒకరిది, నేల ప్రజలది

ప్రభుత్వాలు మారినప్పుడల్లా రాజధానిలో బంగళాలు చేతులు మారడం పాఠకులు ఎరిగిన విషయమే. ఎవరికి ఏ వీధిలో ఏ నెంబరు ఇల్లు దక్కిందో పత్రికలకెక్కుతుంది. మన పల్లెల రచ్చబండల దగ్గర సైతం ఆ సంగతి చర్చకు వస్తుంది. అవే వీధులలో, ఆ బంగళాల సరసనే, అంతకంటె ఎన్నో రెట్లు విలువైన స్థిరాస్తి మరొకటి ఉన్నది. దానిని గురించి మాట్లాడేవారు బహు తక్కువ. అవి ఢిల్లీలోని పెద్ద హోటళ్లు.

2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం జాతీయ నగదీకరణ ప్రణాళిక అనే పత్రాన్ని ప్రకటించింది. రోడ్లు, రైల్వే స్టేషన్లు, విద్యుత్ లైన్లతోపాటు భారత పర్యాటకాభివృద్ధి సంస్థకు చెందిన 8 హోటళ్లను కూడా ఆ జాబితాలో చేర్చారు. చాణక్యపురిలోని అశోక హోటల్ వాటిలో ముఖ్యమైనది. ఆస్తిని అమ్మబోమనీ, యాజమాన్య హక్కు ప్రభుత్వం వద్దనే ఉంచుకొని నిర్ణీత కాలానికి ప్రైవేటు సంస్థలకు అప్పగించి ధనం రాబడతామనీ ఆ పత్రం సారాంశం. వినడానికి ఇది సమంజసంగానే ఉన్నది. కాని నేలను తన వద్ద ఉంచుకొని హోటలును మరొకరికి అప్పగించడం ఢిల్లీకి కొత్త కాదు. ఆ అనుభవం ఏమి నేర్పిందో తెలుసుకోవడం అవసరం.

ఢిల్లీలో ఫలానా హోటలుకు యజమాని ఎవరు అని అడిగితే ఒక్క మాటలో సమాధానం దొరకదు. ముఖద్వారంపై వెలిగే పేరు ఒక సంస్థది. నడిపేవారు మరొకరు. కట్టడానికి పెట్టుబడి పెట్టినవారు వేరొకరు కావచ్చు. నేల మాత్రం చాలా సందర్భాలలో ప్రభుత్వానిదో, మున్సిపాలిటీదో అయి ఉంటుంది. అంటే అది ప్రజలది. కనుక ఈ నగరంలో హోటళ్ల చరిత్ర తరచి చూస్తే, ప్రజల నేలను ఏ కాలంలో ఎవరికి, ఎన్నేళ్లకు, ఏ ప్రతిఫలానికి ఇచ్చారన్న చరిత్రగానే తేలుతుంది.

సరాయి పోయి హోటలు వచ్చె

మొగలాయిల కాలంలో బాటసారికి ఆశ్రయం కల్పించడం పాలకుల ధర్మకార్యాలలో ఒకటి. షాజహాను కుమార్తె జహనారా బేగం చాందినీ చౌక్‌లో కట్టించిన సరాయి ఆనాటి ఢిల్లీకి అలంకారం. పారశీక, ఉజ్బెక్ వర్తకులు అందులో బస చేసేవారు. ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్ దానిని చూచి, పారిస్ నగరంలో ఇటువంటివి ఉంటే కొత్తగా వచ్చేవారికి ఇబ్బంది తప్పేదని తలపోశాడు. 1857 తిరుగుబాటును అణచివేసిన తరువాత ఆంగ్లేయులు ఆ సరాయిని నేలమట్టం చేశారు. ఆ చోటనే 1860వ దశకంలో టౌన్ హాలు లేచింది. బాటసారుల బస లాభాపేక్షగల వ్యాపారంగా మారడం ఆ తరువాతి కథ.

ఆ వ్యాపారం మొదట నగర ప్రాకారానికి ఉత్తరాన, దొరలు నివసించే సివిల్ లైన్స్‌లో పాదుకొన్నది. మైడెన్ కుటుంబంవారి హోటలు ప్రస్తుత భవనం 1903 నాటిది. దానికి పోటీగా హోట్జ్ కుటుంబం సెసిల్ హోటలు నడిపింది. 1911 దర్బారులో రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్లు అయిదవ జార్జి చక్రవర్తి ప్రకటించడంతో ఈ హోటళ్లకు గిరాకీ పెరిగింది. కొత్త రాజధాని నిర్మాణం పూర్తయ్యే వరకు అధికారులు, ఇంజనీర్లు, కంట్రాక్టర్లు సివిల్ లైన్స్ పరిసరాలలోనే మసలవలసి వచ్చింది. సెసిల్ హోటలు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో సెయింట్ జేవియర్స్ పాఠశాల ఉన్నది. మైడెన్స్ మాత్రం నిలిచి ఉన్నది.

కంట్రాక్టర్ల నగరం

లుట్యెన్స్, బేకర్ న్యూఢిల్లీకి నక్షాలు గీశారు. రాళ్లు మోయించి గోడలు లేపినవారు ఎక్కువగా పంజాబు నుంచి వచ్చిన సిక్కు కంట్రాక్టర్లు. వారిలో సర్ శోభాసింగ్ పేరు అందరికన్న ప్రసిద్ధం. ప్రముఖ రచయిత, పత్రికా సంపాదకుడు శ్రీ ఖుష్వంత్ సింగ్‌కు ఆయన తండ్రి. సగం ఢిల్లీకి యజమాని అని జనం ఆయనను పిలిచేవారు. కొత్త నగరంలో స్థలాలను ప్రభుత్వం సాధారణంగా శాశ్వత కౌలుపై ఇచ్చేది. ప్రభుత్వానికి భూమి అద్దె చెల్లిస్తూ, ఒప్పందంలో వ్రాసిన ప్రయోజనానికి మాత్రమే ఆ స్థలాన్ని వాడుకోవాలి. ఈ నగరంలో నేలకు సంబంధించిన అనేక వివాదాలకు మూలం ఆ పద్ధతిలోనే ఉన్నది. శోభాసింగ్ 1945 ప్రాంతంలో నిర్మించిన సుజాన్ సింగ్ పార్కులోనిదే అంబాసిడర్ హోటలు.

మరొక కంట్రాక్టరు నారాయణ్ సింగ్ కుటుంబం నాటి క్వీన్స్‌వేపై, అంటే నేటి జన్‌పథ్‌పై, ఇంపీరియల్ హోటలును నిర్మించింది. అది 1936లో ప్రారంభమయింది. కన్నాట్ ప్లేసులో నిరూలా సోదరులు 1934లో 12 గదులతో ఇండియా హోటలు తెరిచారు. తరువాత దశాబ్దాలలో ఢిల్లీ మధ్యతరగతికి నిరూలా పేరు ఇంటి మాట అయింది. కన్నాట్ ప్లేసులోనే ఉన్న మెరీనా హోటలుకు మాత్రం దురదృష్టకరమైన కారణంగా చరిత్రలో స్థానం లభించింది. మహాత్ముని ప్రార్థనా సభలో 1948 జనవరి 20న బాంబు పేలడానికి ముందు నాథూరాం గాడ్సే, నారాయణ్ ఆప్టే మారుపేర్లతో బస చేసినది అక్కడే.

ఇంపీరియల్ హోటలు కూడా దేశ విభజనకు సాక్షి. జూన్ 3 ప్రణాళికను పరిశీలించడానికి అఖిల భారత ముస్లింలీగు కౌన్సిల్ 1947 జూన్ 9న సమావేశమైనది ఆ హోటలులోనే. విభజనను వ్యతిరేకించే ఖాక్సార్లు సమావేశం జరుగుతుండగా లోనికి చొరబడి జిన్నాపై దాడికి ప్రయత్నించారు. పాకిస్తాన్ ఏర్పాటుకు లీగు ఆమోదముద్ర పడినది కంట్రాక్టరు కట్టిన ఆ హోటలు కప్పు కింద.

విభజన హోటళ్ల యాజమాన్యాన్ని కూడా చీల్చింది. శ్రీ మోహన్ సింగ్ ఒబెరాయ్ కథ ఇందుకు నిదర్శనం. నేటి పాకిస్తాన్‌లోని భౌన్ గ్రామంలో పుట్టిన ఆయన, సిమ్లాలోని సెసిల్ హోటలులో నెలకు 50 రూపాయల జీతంపై గుమాస్తాగా చేరారు. 1934లో భార్య నగలు సహా ఉన్నదంతా తాకట్టుపెట్టి సిమ్లాలో క్లార్క్స్ హోటలు కొన్నారు. 1943 నాటికి, తాను ఒకనాడు గుమాస్తాగా పనిచేసిన సెసిల్‌తోపాటు ఢిల్లీలోని మైడెన్స్, లాహోరులోని ఫాలెట్టీస్, రావల్పిండిలోని ఫ్లాష్‌మన్స్, పెషావరులోని డీన్స్ హోటళ్లు గల అసోసియేటెడ్ హోటల్స్ ఆఫ్ ఇండియా కంపెనీపై అదుపు సంపాదించారు. ఇంగ్లీషువారి చేతిలోని హోటళ్ల కూటమి భారతీయుని చేతికి రావడం ఆనాడు సంచలనమే. నాలుగేళ్లు తిరిగేసరికి వాటిలో పలు హోటళ్లు సరిహద్దుకు ఆవల ఉండిపోయాయి. 1965 యుద్ధంతో అవి పూర్తిగా చేజారాయి.

క్షురకశాల వ్యాజ్యం

ఇంపీరియల్ హోటలుకు సంబంధించిన చిన్న వ్యాజ్యం ఒకటి ఇక్కడ చెప్పుకొనవలసి ఉన్నది. ఆనాడు ఆ హోటలును నడుపుతున్నది అసోసియేటెడ్ హోటల్స్ కంపెనీయే. హోటలు ఆవరణలో స్త్రీలకు, పురుషులకు వేర్వేరుగా ఉన్న రెండు గదులను 1949లో ఆ కంపెనీ క్షురకశాల నడుపుకొనడానికి ఒక వ్యాపారికి సాలుకు 9,600 రూపాయల ప్రతిఫలంపై ఇచ్చింది. ఒప్పంద పత్రానికి లైసెన్సు అని పేరు పెట్టారు. ఆ వ్యాపారి తాను కౌలుదారుననీ, అద్దె నియంత్రణ చట్టం తనకు వర్తిస్తుందనీ వాదించాడు.

వివాదం సుప్రీం కోర్టుకు చేరింది. 1959లో ప్రధాన తీర్పు వ్రాసినవారు మన రాజమహేంద్రవరానికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు. ఆయన ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి, అనంతరం భారత ప్రధాన న్యాయమూర్తి. పత్రానికి ఏ పేరు పెట్టారన్నది ముఖ్యం కాదనీ, ఇరుపక్షాల ఉద్దేశమేమిటో, స్థలంపై హక్కు ఏదైనా సంక్రమించిందో లేదో చూడాలనీ ఆ తీర్పు సారం. ధర్మాసనంలో ఒకరు భిన్నాభిప్రాయం ప్రకటించినప్పటికీ, అది లైసెన్సు కాదు, కౌలే అని అధిక సంఖ్యాకుల నిర్ణయం. క్షురకశాల యజమాని గెలిచాడు.

కౌలు అంటే స్థలంపై కొంత హక్కు దఖలు పడుతుంది. లైసెన్సు అంటే అక్కడ ఫలానా పని చేసుకొనడానికి అనుమతి మాత్రమే. ఈ భేదాన్ని తూచవలసి వచ్చినప్పుడల్లా నేటికీ న్యాయవాదులు ఆ తీర్పునే ఉదహరిస్తారు. రెండు క్షవరపు గదుల విషయంలో పుట్టిన ఈ ప్రశ్న తరువాతి కాలంలో వందల కోట్ల రూపాయల ఆస్తుల విషయంలో రాజధానిని వెన్నాడింది.

నెహ్రూ కోరిక

స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వమే హోటలు యజమాని కావడానికి తక్షణ కారణం ఒక అంతర్జాతీయ సభ. యునెస్కో మహాసభను 1956లో ఢిల్లీలో జరపడానికి నిర్ణయమైనప్పుడు, ప్రతినిధులందరికీ బస కల్పించగల హోటలు నగరంలో లేదు. ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ స్వయంగా శ్రద్ధ వహించారు. దౌత్య కార్యాలయాల ప్రాంతంలో సుమారు 25 ఎకరాల స్థలం కాశ్మీరు రాజవంశీకుడు శ్రీ కరణ్ సింగ్ వద్ద నుంచి లభించింది. మాజీ సంస్థానాధీశులు కొందరు పెట్టుబడిలో పాలు పంచుకొన్నారు. బొంబాయికి చెందిన వాస్తుశిల్పి శ్రీ డాక్టర్ రూపకల్పన చేశారు. డాక్టర్ అన్నది ఆయన ఇంటిపేరు. సుమారు 3 కోట్ల రూపాయల ఖర్చుతో అశోక హోటల్ సభా సమయానికి సిద్ధమయింది. సంస్థానాధీశుల సొమ్ము, యువరాజు స్థలం, ప్రజాస్వామ్య ప్రభుత్వ సంకల్పం ఒక్క కట్టడంలో కలియడం ఆ కాలపు లక్షణం.

1966 అక్టోబరులో భారత పర్యాటకాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1970లో అశోక హోటల్ అందులో విలీనమయింది. జన్‌పథ్, లోధీ, రంజిత్, కుతుబ్, అక్బర్, తరువాత కనిష్క, సామ్రాట్ హోటళ్లన్నీ ఈ సంస్థ ఛత్రం కిందివే. ప్రైవేటు పెట్టుబడి ముందుకు రాని రోజులలో పర్యాటకానికి ప్రభుత్వం పునాది వేయవలసి వచ్చిందన్న వాదనలో సత్యమున్నది. కాని 1965 నాటికే శ్రీ ఒబెరాయ్ విదేశీ సంస్థ ఇంటర్‌కాంటినెంటల్ సహకారంతో ఆధునిక హోటలును ఢిల్లీలో తెరిచారు. ఐటీసీవారి మౌర్య 1977లో వచ్చింది. పోటీ పెరిగినకొద్దీ ప్రభుత్వ హోటళ్లు వెనుకబడ్డాయి. మరమ్మతులకు సైతం దస్త్రం కదలాలి. మంత్రుల అతిథులు, శాఖల బకాయిలు అదనపు భారం. అక్బర్ హోటలును 1980వ దశకంలో మూసివేసి ప్రభుత్వ కార్యాలయాల భవనంగా మార్చారు. 2017లో జన్‌పథ్ హోటలుకూ ఆ గతే పట్టింది.

ఆసియా క్రీడల వరప్రసాదం

నేలపై హక్కు తనదిగా ఉంచుకొని ప్రైవేటువారి చేత హోటలు నడిపించే పద్ధతికి న్యూఢిల్లీ మున్సిపల్ కమిటీ మాన్‌సింగ్ రోడ్డుపై శ్రీకారం చుట్టింది. టాటాలకు చెందిన ఇండియన్ హోటల్స్ కంపెనీతో 1976లో ఒప్పందం కుదిరింది. తాజ్ మహల్ హోటలు 1978లో తెరిచారు. గడువు 33 సంవత్సరాలు. మొత్తం ఆదాయంలో 10.5 శాతం మున్సిపల్ కమిటీకి చెల్లించాలన్నది ఒప్పందంలోని ముఖ్య నిబంధన. తాజ్ మాన్‌సింగ్‌గా జనం పిలిచే ఆ హోటలు టాటాలదేనని చాలామంది భావన. నేల, భవనం మున్సిపాలిటీవి.

1982 ఆసియా క్రీడలు సమీపించేసరికి గదుల కొరత పెద్ద సమస్య అయింది. నగరంలో హోటళ్లు పుట్టగొడుగులవలె లేచాయి. భికాజీ కామా ప్లేసులో హయత్ వచ్చింది. మున్సిపల్ కమిటీ మరి రెండు విలువైన స్థలాలను 99 సంవత్సరాల లైసెన్సుపై ఇచ్చింది. విండ్సర్ ప్లేసులోనిది అప్పటి కాంగ్రెస్ లోక్‌సభ సభ్యుడు, శీతల పానీయాల వ్యాపారి శ్రీ చరణ్‌జిత్ సింగ్ సంస్థకు దక్కింది. అది నేటి లె మెరిడియన్. బారాఖంబా ప్రాంతంలోనిది శ్రీ లలిత్ సూరి సంస్థకు దక్కింది. అనంతరం ఆయన రాజ్యసభ సభ్యులయ్యారు. ఆయన 2006లో మరణించిన పిమ్మట ఆ హోటలుకు ఆయన పేరే వచ్చింది. ఈ రెండు హోటళ్లూ క్రీడలు ముగిసిన తరువాతనే పూర్తయ్యాయన్నది గమనార్హం. క్రీడల పేరిట ఇచ్చిన రాయితీకి క్రీడలకు ప్రయోజనం కలుగలేదు. 99 ఏళ్ల గడువు మాత్రం మిగిలింది.

ఆ ఒప్పందాల ఫలితం కోర్టులలో కనిపిస్తున్నది. లె మెరిడియన్ లైసెన్సు రుసుము బకాయి 500 కోట్ల రూపాయలకు పైబడిందని చెబుతూ 2017లో మున్సిపల్ కౌన్సిల్ లైసెన్సు రద్దుకు పూనుకొన్నది. 2020లో లలిత్ హోటలు విషయంలో అదే జరిగింది. అక్కడ బకాయిగా చూపిన మొత్తం 1,063 కోట్లు. యాజమాన్యాలు ఆ లెక్కలను అంగీకరించలేదు. వివాదాలు న్యాయస్థానాలకు ఎక్కాయి. ఎవరి లెక్క సరైనదో చెప్పడం కోర్టుల పని. కాని ఒక తరం వ్రాసిన ఒప్పందాన్ని తరువాతి తరం కోర్టుల చుట్టూ మోయవలసి రావడం, ఆ వ్రాతలో స్పష్టత కొరవడిందనడానికి నిదర్శనం.

తాజ్ మాన్‌సింగ్ ఉదంతం మరొక పాఠం నేర్పుతుంది. 33 ఏళ్ల గడువు 2011లో ముగిసింది. తాత్కాలిక పొడిగింపులు పలుమార్లు జరిగాయి. వేలం వేయాలన్న మున్సిపల్ కౌన్సిల్ నిర్ణయాన్ని టాటాల సంస్థ ప్రశ్నించగా, 2017 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు వేలానికి దారి సుగమం చేసింది. 2018లో రెండు పర్యాయాలు పోటీదారులు చాలక వేలం వాయిదా పడింది. సెప్టెంబరులో జరిగిన మూడవ వేలంలో అదే ఇండియన్ హోటల్స్ కంపెనీ గెలిచింది. మొత్తం ఆదాయంలో 32.5 శాతం, లేదా నెలకు 7.03 కోట్ల రూపాయలు, రెంటిలో ఏది ఎక్కువైతే అది చెల్లించడానికి ఒప్పుకొన్నది. హోటలు అదే, నేల అదే, నడిపేవారూ వారే. బహిరంగ పోటీ ఒక్కటే కొత్తది. దానితో ప్రజల వాటా మొదటి ఒప్పందంతో పోల్చితే మూడు రెట్లయింది.

అమ్మకాల కాలం

ప్రభుత్వ హోటళ్లను అమ్మివేయడం 2002లో జరిగింది. శ్రీ వాజపేయి మంత్రివర్గంలో శ్రీ అరుణ్ శౌరి పెట్టుబడుల ఉపసంహరణ శాఖను నిర్వహిస్తున్నారు. ఢిల్లీలో కుతుబ్, లోధీ, కనిష్క, రంజిత్, ఇంద్రప్రస్థ హోటళ్లు ఆ ఏడాది ప్రైవేటు చేతులలోకి వెళ్లాయి. కనిష్కకు 90 కోట్లకు పైగా, లోధీకి 70 కోట్లకు పైగా వచ్చింది. కనిష్క స్థానంలో షాంగ్రిలా హోటలు వచ్చింది. లోధీని పడగొట్టి అమన్ అనే విలాస హోటలు కట్టారు. అది డీఎల్ఎఫ్ చేతిలోకి వెళ్లి, మళ్లీ లోధీ అన్న పేరే ధరించింది.

వీటిలో ఇంద్రప్రస్థ హోటలును పాతతరం పాఠకులు అశోక యాత్రీ నివాస్‌గా ఎరుగుదురు. ఆసియా క్రీడల సమయంలో, సామాన్య యాత్రికునికి తక్కువ అద్దెకు గది ఇవ్వాలన్న ఉద్దేశంతో నగరం నడిబొడ్డున కట్టిన ప్రభుత్వ హోటలు అది. కోర్టు పని మీదనో, ఉద్యోగపు ఇంటర్వ్యూకో వచ్చిన మధ్యతరగతివారికి అటువంటి బస ఎంతటి ఆసరాయో చెప్పనవసరం లేదు. దాని నిర్వహణ ఎలా సాగిందో 1995 జులైలో దేశమంతటికీ తెలిసింది. ఆ ఆవరణలోని బగియా రెస్టారెంటును కాంట్రాక్టుపై నడుపుతున్న యువజన కాంగ్రెస్ నాయకుడు సుశీల్ శర్మ తన భార్యను హత్యచేసి, మృతదేహాన్ని అక్కడి తందూరు పొయ్యిలో కాల్చబోయి పట్టుబడ్డాడు. పార్టీ నాయకులకు ప్రభుత్వ ఆస్తులలో కాంట్రాక్టులు ఏ విధంగా లభిస్తాయన్న ప్రశ్న నాడు కొంతకాలం వినిపించి సద్దుమణిగింది. సామాన్యుని కోసం కట్టిన ఆ హోటలు చివరకు అమ్మకానికి వచ్చినప్పుడు సామాన్యుని గూర్చి అడిగినవారు లేరు.

ఢిల్లీలో తీసుకొన్న నిర్ణయం బొంబాయిలో ఎటువంటి ఫలితమిచ్చిందో కూడా గుర్తుచేసుకోవాలి. ఎయిరిండియా అనుబంధ సంస్థకు చెందిన అక్కడి విమానాశ్రయపు సెంటార్ హోటలును 2002లో 83 కోట్లకు అమ్మారు. కొన్నవారు కొద్ది నెలలలోనే సహారా సంస్థకు 115 కోట్లకు మళ్లీ అమ్ముకొన్నారు. నడుమ పెరిగిన 32 కోట్లు ఖజానాకు రాలేదు. కొన్నవారు వెంటనే మారుబేరం చేయకుండా నిలువరించే నిబంధన ఉండవలసినదని విమర్శ వచ్చింది. అమ్మకం తప్పా ఒప్పా అన్న సిద్ధాంత చర్చలో ఈ ఒక్క నిబంధన అవసరాన్ని మరిచారు.

బహిరంగ వేలం మాత్రం సర్వరోగ నివారిణి అని అనుకోరాదు. కేరళకు చెందిన మాజీ సైనికాధికారి శ్రీ కృష్ణన్ నాయర్ స్థాపించిన లీలా సంస్థ చాణక్యపురిలో సుమారు 3 ఎకరాల స్థలాన్ని 2007లో 611 కోట్ల రూపాయలకు పాడుకొన్నది. 2011లో హోటలు తెరిచింది. అప్పుల భారం మోయలేకపోయింది. 2019లో ఢిల్లీ హోటలుతో సహా నాలుగు హోటళ్లను కెనడాకు చెందిన బ్రూక్‌ఫీల్డ్ సంస్థకు 3,950 కోట్లకు అప్పగించవలసి వచ్చింది. ఒక కాలంలో అతి చవకగా పోయిన నేల మరొక కాలంలో కొన్నవారిని ముంచేటంత ఖరీదయింది. చవకగా దక్కినవారు నిలదొక్కుకొన్నారు. పాట పాడి కొన్నవారు విదేశీ సంస్థకు అప్పగించి తప్పుకొన్నారు.

విమానాశ్రయం పక్కన

ఈ కథలో తెలుగువారికి ప్రత్యక్ష సంబంధమున్న అధ్యాయం ఢిల్లీ విమానాశ్రయం పక్కన ఉన్నది. శ్రీకాకుళం ప్రాంతపు రాజాం పట్టణం నుంచి ఎదిగి వచ్చిన శ్రీ గ్రంధి మల్లికార్జునరావు నాయకత్వంలోని జీఎంఆర్ కూటమి 2006లో విమానాశ్రయ నిర్వహణను చేపట్టింది. గడువు 30 ఏళ్లు. మరి 30 ఏళ్ల పొడిగింపునకు అవకాశమున్నది. ఆదాయంలో 45.99 శాతం విమానాశ్రయాల ప్రాధికార సంస్థకు ఇవ్వాలి. వాణిజ్యావసరాలకు వినియోగించుకొనడానికి సుమారు 240 ఎకరాలు లభించాయి. అందులో ఒక భాగంలో ఏరోసిటీ పేరుతో హోటళ్ల సముదాయం లేచింది. 2010 కామన్‌వెల్త్ క్రీడలకు అందుబాటులోకి రావలసిన ఆ హోటళ్లు, రన్‌వేకు దగ్గరగా ఉన్నాయని పోలీసులు భద్రతాపరమైన అభ్యంతరాలు తెలపడంతో ఆలస్యమై 2013 నుంచి ఒక్కొక్కటిగా తెరుచుకొన్నాయి. క్రీడల పేరు చెప్పి హోటళ్లకు నేల ఇవ్వడం, ఆ హోటళ్లు క్రీడలకు అందకపోవడం ఢిల్లీలో ఇది రెండవసారి.

2012 ఆగస్టులో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పార్లమెంటుకు సమర్పించిన నివేదిక ఈ నేలను గురించి తీవ్రంగా వ్యాఖ్యానించింది. సాలుకు 100 రూపాయల నామమాత్రపు అద్దెపై దక్కిన ఆ భూమి నుంచి ఒప్పందకాలంలో 1,63,557 కోట్ల రూపాయల ఆదాయం రాగలదని అంచనా కట్టింది. అనేక దశాబ్దాల తరువాత వచ్చే సొమ్మును నేటి విలువకు తగ్గించి చూపకపోవడం వల్ల ఆ అంకె ఉబ్బిపోయిందని విమానయాన శాఖ, నిర్వాహక సంస్థ వాదించాయి. ఆదాయంలో దాదాపు సగం ప్రభుత్వ సంస్థకే చేరుతున్నదని కూడా వారు ఎత్తిచూపారు. ఆ వాదనలో బలం లేకపోలేదు. మన ప్రాంతీయుని సంస్థ కాబట్టి సమర్థించడం గాని, పెద్ద సంస్థ కాబట్టి నిందించడం గాని సరైన పద్ధతి కాదు. నేల విలువ ఎంత అన్న చర్చ ఒప్పందం కుదిరిన ఆరేళ్లకు ఆడిటు నివేదికతో మొదలుకావడం విచారకరం. సంతకాలకు ముందే ఆ చర్చ పార్లమెంటులో జరిగి ఉండవలసింది.

అడగవలసిన ప్రశ్నలు

ప్రభుత్వం హోటళ్లు నడపరాదనేవారి వాదనను తోసిపుచ్చలేము. కూలిపోతున్న గదులకు, కదలని దస్త్రాలకు ప్రజాధనం ధారపోయడంలో సామ్యవాదమేమీ లేదు. అయితే అంతటితో ప్రశ్న ముగియదు. మైడెన్స్ నుంచి ఏరోసిటీ వరకు ఈ శతాబ్ద చరిత్రను చూస్తే, నడిపేవారు ప్రైవేటువారా, ప్రభుత్వమా అన్నదానికంటె, ఒప్పందం ఎలా వ్రాశారన్నదే ప్రజలకు లాభనష్టాలను నిర్ణయించింది. 33 ఏళ్ల గడువు ఉన్నందువల్లనే తాజ్ మాన్‌సింగ్‌లో ప్రజల వాటా పెంచుకొనడం సాధ్యమయింది. 99 ఏళ్లు వ్రాసిచ్చిన చోట ఆ అవకాశం మన మనుమల కాలానికిగాని రాదు.

కనుక అశోక హోటలు వంతు వచ్చినప్పుడు పార్లమెంటు సభ్యులు, ముఖ్యంగా మన రాష్ట్రాల నుంచి వెళ్లినవారు, అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. గడువు ఎన్నేళ్లు? ప్రతిఫలం నిర్ణీత మొత్తమా, ఆదాయంలో వాటానా? తీసుకొన్నవారు మరొకరికి మారుబేరం చేస్తే పెరిగిన విలువలో ప్రజలకు భాగముంటుందా? 25 ఎకరాలలో హోటలుకు కేటాయించినదెంత, ఇతర నిర్మాణాలకు అనుమతించినదెంత? దశాబ్దాలుగా అక్కడ పనిచేస్తున్న ఉద్యోగుల గతి ఏమిటి? ఇవి గుమాస్తాలు చూసుకొనే వివరాలని తోసిపుచ్చితే, ముప్ఫై ఏళ్ల తరువాత ఇవే కోట్ల రూపాయల వ్యాజ్యాలుగా తిరిగి వస్తాయి.

పత్రానికి ఏ పేరు పెట్టినా, దానివల్ల ఎవరికి ఏ హక్కు సంక్రమిస్తున్నదో చూడాలని 1959లో జస్టిస్ సుబ్బారావు చెప్పారు. నగదీకరణ అన్న కొత్త పేరుకు కూడా ఆ పరీక్ష వర్తిస్తుంది. ఒప్పందం ముసాయిదాను సంతకాలకు ముందు పార్లమెంటు బల్లపై ఉంచడం ప్రభుత్వానికి కష్టమైన పని కాదు. నేల ప్రజలదైనప్పుడు, దానిని అద్దెకిచ్చే షరతులను ముందుగా తెలుసుకొనే హక్కు వారికి ఉండి తీరాలి.